నీళ్ళు తాగే లారీ

ఆ రోడ్డు పొడవునా ఉన్న పదకొండు షెడ్లలో ఆఖరిది ముక్కు మేస్త్రిది. పైన రేకులు, ముందు కంకర పరిచిన జాగా, లోపల గోడకి వరసగా వేలాడే నల్లటి రబ్బరు పైపులు, ఓ మూల సిమెంటు తొట్టి. రేడియేటరు గానీ నీళ్ళ పంపు గానీ, ఇంజన్ని చల్లగా ఉంచే సరంజామాలో ఏది పాడైనా డ్రైవర్లు మిగతా పది షెడ్లూ దాటుకుని అతని దగ్గరికే వచ్చేవాళ్ళు.

ఆ పేరు అతనికి ఊరికే రాలేదు. పద్దెనిమిదేళ్ళప్పుడు మేనమామ దగ్గర పని నేర్చుకుంటున్నాడు. ఓ రోజు ఇద్దరు పెద్ద మెకానిక్కులు ఒక బస్సు కింద పడుకుని పొద్దుటి నుంచీ లీకు వెతుకుతున్నారు. ఇతను చేతిలో బకెట్టుతో పక్కనుంచి వెళ్తూ ఆగాడు. "మామయ్యా, ఎడమ పక్క వెనకాల తియ్యటి వాసనేదో వస్తోంది" అన్నాడు. మెకానిక్కులు నవ్వారు. మేనమామ మాత్రం నవ్వకుండా వంగి, అతను చూపించిన చోట చెయ్యి పెట్టి చూస్తే వేళ్ళు తడిశాయి. ఆ సాయంత్రానికల్లా రోడ్డంతా అతనికి ముక్కు అనే పేరు ఖాయం చేసేసింది. తరవాత సొంత షెడ్డు పెట్టుకున్నాక పేరు చివర మేస్త్రి చేరింది.

రేడియేటరు నీళ్ళలో కలిపే ఆకుపచ్చటి కూలెంటు వేడెక్కితే తియ్యగా, కాస్త వెగటుగా ఉండే వాసనొకటి వస్తుంది. మామూలు మనిషికి అది డీజిలు, గ్రీజు, కాలిన రబ్బరుల మధ్య తెలియదు. ముక్కు మేస్త్రి మాత్రం ఇంజను ఆన్ చేయించి, కళ్ళు మూసుకుని, బండి చుట్టూ ఒకసారి నడిచి "ఇదిగో, ఇక్కడ" అని వేలు పెట్టేవాడు. ఆ రెండు నిమిషాలూ చూడ్డానికి పక్క షెడ్ల వాళ్ళు టీ గ్లాసులు పట్టుకుని మరీ వచ్చి నిలబడేవాళ్ళు.

అలాంటి మనిషికి యాభై ఆరో ఏట పది రోజులు జ్వరం వచ్చింది. పదకొండో రోజున జ్వరం వదిలింది, దాంతో పాటే వాసనా వదిలిపోయింది. డీజిలు డబ్బా మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నా మంచినీళ్ళలాగే ఉంది. భార్యకి చెప్పకుండా వెళ్ళి డాక్టరుకి చూపించుకున్నాడు. "రావచ్చు, రాకపోవచ్చు. తొందరపడకండి" అన్నాడాయన. మేస్త్రి తొందరపడలేదు. రెండేళ్ళు ఎదురుచూశాడు. రాలేదు.

ఈ రెండేళ్ళూ పని ఆగిందా అంటే, అదీ లేదు. నలభై ఏళ్ళ అనుభవం ఎక్కడికి పోతుంది? కంటికి కనిపించేవి, చేతికి తగిలేవి పట్టుకుంటూనే ఉన్నాడు. కాకపోతే కళ్ళు మూసుకుని బండి చుట్టూ తిరగడం మానలేదు. మానితే ఎందుకు మానావని అడుగుతారు. అది నటన అని అతను ఒప్పుకోలేదు, అలవాటు అనుకున్నాడు.

వాసన పోయిన సంగతి అతనికి ఒక్కసారే గట్టిగా తగిలింది. కూతురు పురిటికొచ్చి ఆడపిల్లని కన్నది. ఇంటికొచ్చిన ప్రతివాళ్ళూ పసిదాన్ని ఎత్తుకుని, మాడు మీద ముక్కు ఆనించి, "అబ్బ, పాల వాసన" అని మురిసిపోయారు. చివరికి పిల్ల తాతయ్య చేతుల్లోకి వచ్చింది. అతనూ మాడు మీద ముక్కు ఆనించాడు. "అవునవును" అన్నాడు. అని, ఏదో పనున్నట్టు పెరట్లోకి వెళ్ళి చాలాసేపు అక్కడే నిలబడిపోయాడు.

ఇదంతా జరిగిన కొన్నాళ్ళకి ఆ లారీ వచ్చింది.

దాని మీటరు పన్నెండు లక్షల కిలోమీటర్ల దగ్గర ఎప్పుడో ఆగిపోయింది. ఆ తరవాత ఎంత తిరిగిందో లెక్క లేదు. రంగు వెలిసి, తలుపులు ఒకదానికొకటి పోలిక లేకుండా మారి, బంపరు సొట్టలు పడి, అయినా ముఖం కడుక్కున్నట్టు శుభ్రంగా ఉంది. పద్నాలుగేళ్ళుగా దాన్ని ఒకే డ్రైవరు నడుపుతున్నాడు. సన్నగా, పొడుగ్గా ఉండి, మాట్లాడే ముందు ఒకసారి లారీ వైపు చూసి మాట్లాడే మనిషి.

"నీళ్ళు తాగేస్తోందన్నా" అన్నాడు దిగుతూనే. "పొద్దున్నే చూస్తే లీటరు, లీటరున్నర తక్కువ. పోనీ కారిపోతోందా అంటే కింద చుక్క కనపడదు. రెండు చోట్ల చూపించా. ఒకడు రేడియేటరు మార్చాడు. ఇంకొకడు హెడ్డు గాస్కెట్ పోయింది, నీళ్ళు ఇంజన్లోకే పోతున్నాయి, విప్పాల్సిందే అన్నాడు. విప్పే మాటయితే ఓనరు తుక్కు కింద ఇచ్చేస్తానంటున్నాడు. ఇంత వయసు బండికి ఇంజను విప్పడం దండగట."

"తుక్కుకా?"

"అందుకే కదన్నా నీ దగ్గరికొచ్చా. నీ ముక్కు ఏం చెబితే అదే. వెనక్కెళ్ళి ఓనరుకి ఆ మాటే చెప్తా."

మేస్త్రి క్యాబిన్ ముందుకి వంచి ఇంజను బయటపెట్టాడు. ఇంజను వేడెక్కేదాకా ఆగి, కళ్ళు మూసుకుని బండి చుట్టూ నడిచాడు. పక్క షెడ్డు వాళ్ళు ఇద్దరు వచ్చి నిలబడ్డారు. డ్రైవరు ఊపిరి బిగబట్టి చూస్తున్నాడు. మేస్త్రికి ఏ వాసనా లేదు. కళ్ళు తెరిచేసరికి నీళ్ళ పంపు కింద తెల్లటి మరక ఒకటి కనిపించింది. పాతదో కొత్తదో తెలియదు. ఇంత తిరిగిన బండికి ఒంటి నిండా మరకలే. అయినా అందరూ తననే చూస్తున్నారు.

"పంపు" అన్నాడు.

"నే చెప్పలా!" అన్నాడు డ్రైవరు పక్కవాళ్ళతో, ముఖం వెలిగిపోతూ.

పంపు మార్చి, కొత్త కూలెంటు నిండా పోసి పంపించాడు. లారీ మలుపు తిరిగేదాకా డ్రైవరు కిటికీలోంచి చెయ్యి ఊపుతూనే ఉన్నాడు.

ఐదో రోజు పొద్దున్నే అదే లారీ వచ్చి షెడ్డు ముందు ఆగింది. డ్రైవరు ఈసారి నవ్వలేదు. దిగి, తలుపు మెల్లగా వేసి వచ్చాడు.

"నిన్న ఘాటు రోడ్డు ఎక్కుతుంటే ఇంజను వేడి చూపించే ముల్లు ఎర్రగీత దాటిందన్నా. నిండు లోడు. పక్కకి తీసి ఆపా కాబట్టి సరిపోయింది. ఇంకో అర కిలోమీటరు పోయుంటే ఇంజను పట్టేసేది. చల్లారాక మూత తీస్తే లోపల నీళ్ళే లేవు. క్యానులో ఉన్నవి పోసుకుని ఎలాగో వచ్చా."

మేస్త్రి చేతిలో పైపు కింద పెట్టాడు. "రోజూ పొద్దున్నే చూసుకుంటావు కదా?"

"చూసుకునేవాణ్ణి. నువ్వు వాసన చూసి చెప్పావుగా, ఇంక దేనికని మానేశా."

మేస్త్రికి తల కొట్టేసినట్టయింది. "బండి ఇక్కడే ఉంచు. నువ్వు లోపల పడుకో, రాత్రంతా నడిపినట్టున్నావు" అని మాత్రం అన్నాడు. సుత్తి తీసి పక్కన పెట్టాడు. మళ్ళీ తీశాడు. ఏ పనీ చేతికి రాలేదు. పని బట్టల్లోనే సైకిలెక్కి ఇంటికి వెళ్ళిపోయాడు.

భార్య కిటికీ పక్కన మిషను ముందు కూర్చుని లారీ సీటు కవరు కుడుతోంది. ఆ రోడ్డు మీద తిరిగే సగం లారీల సీట్లు ఆమె కుట్టినవే. ఆ వేళప్పుడు మొగుడు గుమ్మంలో కనపడేసరికి ఆమె పెడలు మీద కాలు ఆగింది.

"ఏమైందండీ?"

"నీకో మాట చెప్పాలి." అతను గడప మీదే కూర్చున్నాడు. "నాకు వాసన తెలియడం లేదు. జ్వరం వచ్చినప్పటి నుంచి."

ఆమె దారం తెంపి, సూది ఎత్తి, "తెలుసు" అంది.

"తెలుసా?"

"పాలు మాడి ఇల్లంతా కంపు కొడుతుంటే పక్కనే కూర్చుని పేపరు చదువుకునే మనిషికి ముక్కు పని చేస్తోందని ఎవరనుకుంటారు? మీరే చెప్తారులే అని చూస్తున్నా. చూసి చూసి రెండేళ్ళయింది."

"అడగొచ్చుగా!" అన్నాడతను, గొంతు లేచి.

"ముక్కు పోయింది గానీ ముక్కు మీది కోపం మాత్రం పోలేదు" అంది ఆమె. ఆ పరిస్థితిలోనూ మేస్త్రికి నవ్వొచ్చింది. నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. జరిగింది మొదటి నుంచీ చెప్పాడు. మరక సంగతి, పంపు సంగతి, ఘాటు మీద ఎర్రగీత సంగతి.

"అతనికి చెప్పారా?"

"ముఖం చెల్లలేదు."

"మరి ముందు అతనికి చెప్పాలి గానీ నాకెందుకు? వెళ్ళండి. ఈ కవరు అయ్యాక నేనూ వస్తా."

మేస్త్రి తిరిగి వచ్చేసరికి డ్రైవరు నిద్ర లేచి తొట్టి దగ్గర ముఖం కడుక్కుంటున్నాడు. మేస్త్రి ఎదురుగా వెళ్ళి నిలబడి, తువ్వాలు అందిస్తూ చెప్పేశాడు. ఎంతోసేపు పట్టలేదు. రెండేళ్ళు దాచిన మాట నాలుగు ముక్కల్లో అయిపోయింది.

డ్రైవరు ముఖం తుడుచుకోవడం ఆపాడు.

"అంటే పంపు అని..."

"మరక చూసి చెప్పా. వాసన చూసినట్టు చెప్పా. తప్పు నాదే తమ్ముడూ."

"నువ్వు తెలియదని చెప్పుంటే నేనేం అనేవాణ్ణి కాదన్నా. రోజూ నీళ్ళు పోసుకుంటూ తిరిగేవాణ్ణి." గొంతులో కోపం కన్నా నొచ్చుకోవడమే ఎక్కువ వినిపించింది. తువ్వాలు తీగ మీద వేసి, లారీ దాకా వెళ్ళి, చక్రం మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. ఇక క్యాబిన్ ఎక్కి వెళ్ళిపోతాడనే అనుకున్నాడు మేస్త్రి. డ్రైవరు వెనక్కి తిరిగి, "ఇప్పుడేం చేద్దాం?" అన్నాడు.

"మొదటి నుంచీ వెతుకుదాం. నిదానంగా. నాకు తెలిసిందే తెలిసిందంటా, తెలియంది తెలియదంటా."

"సరే."

ముందు ఇంజను విప్పాలన్న మాట నిజమో కాదో తేల్చుకోవాలి. మేస్త్రి ఆయిలు పుల్ల బయటికి తీసి వేలికి రాసుకున్నాడు. నీళ్ళు కలిస్తే ఆయిలు పాలు పోసిన టీలా అవుతుంది. ఇది నల్లగా, జారుగా, ఉండాల్సినట్టే ఉంది. ఇంజను నడిపించి నీళ్ళ ట్యాంకు మూత దగ్గర చూశాడు, బుడగలు లేవు. సైలెన్సరు దగ్గర తెల్ల పొగ లేదు. "నీళ్ళు లోపలికి పోవడం లేదు. ఇది మాత్రం కళ్ళతో చూసి చెప్తున్నా" అన్నాడు. "అయితే ఇంజను విప్పక్కర్లేదన్నమాట" అన్నాడు డ్రైవరు.

నీళ్ళు లోపలికి పోకపోతే బయటికే పోవాలి. మూత స్థానంలో గాలి పంపు బిగించాడు. సైకిలు పంపు లాంటిదే, దానికో గడియారం ముల్లు ఉంటుంది. గాలి కొట్టి వదిలితే, ఎక్కడో చోట కారుతుంటే ముల్లు కిందికి దిగుతుంది. గాలి కొట్టాడు. ఇద్దరూ ముల్లు వంకే చూస్తూ కూర్చున్నారు. పది నిమిషాలు, పావుగంట. ముల్లు కదల్లేదు.

"ఇదేం చోద్యం?" అన్నాడు డ్రైవరు. "కారకపోతే నీళ్ళెటు పోతున్నాయి?"

"తెలియదు" అన్నాడు మేస్త్రి. ఆ మాట అనడం అంత కష్టంగా లేదని అతనికే ఆశ్చర్యం వేసింది. "నువ్వోసారి వాసన చూడు తమ్ముడూ."

డ్రైవరు ఇంజను మీదికి వంగి గట్టిగా పీల్చి, తల అడ్డంగా ఊపాడు. "ముప్ఫై ఏళ్ళుగా ఈ ముక్కుకి డీజిలు తప్ప ఇంకేం తెలియదన్నా. మా ఆవిడ అత్తరు కొట్టుకున్నా నాకు డీజిలే."

ఇద్దరూ నవ్వుకుంటుండగా మేస్త్రి భార్య వచ్చింది. ఒక చేతిలో క్యారేజీ, రెండో చంకలో సీటు కవరు చుట్ట. మొగుడు ముఖం చూసి సంగతి చెప్పేశాడని గ్రహించింది. క్యారేజీ బల్ల మీద పెట్టి, "నేను చూడనా?" అంది.

"నీకేం తెలుస్తుంది?"

"మీకేం తెలుస్తోందట?"

మేస్త్రి పక్కకి జరిగాడు. ఆమె కొంగు దోపుకుని, అతనిలా కళ్ళు మూసుకోకుండా, కూరగాయలు ఏరుకునే మనిషిలా అక్కడో చోట ఇక్కడో చోట వంగి చూసుకుంటూ వెళ్ళింది. రేడియేటరు దగ్గర "తుప్పు" అంది. పంపు దగ్గర "ఆయిలు" అంది. ఇంజను వెనక వైపు, గేరుబాక్సు మొదలయ్యే చోటికి వచ్చి ఆగింది. వెనక్కి వెళ్ళి మళ్ళీ వచ్చింది.

"ఇక్కడ పంచదార మాడినట్టుంది."

మేస్త్రి కళ్ళు ఒక్కసారి మెరిశాయి. "తియ్యగా, కొంచెం కడుపులో దేవినట్టు ఉంటుందా?"

"ఆ, అలాగే ఉంది."

అతను టార్చి వేసుకుని అటు దూరాడు. ఎక్కడా తడి లేదు. అయితే ఇంజను హోరు తగ్గడానికి అక్కడ దళసరి ఫెల్టు గుడ్డ బిగించి ఉంటుంది. దాన్ని నొక్కి చూస్తే అట్టలా గట్టిపడిపోయి ఉంది. అంచు వెంట ఆకుపచ్చగా, ఉప్పు కట్టినట్టు పొరలు పొరలుగా ఏదో పేరుకుంది. నీళ్ళు పడటం, ఆ గుడ్డ పీల్చుకోవడం, గేరుబాక్సు వేడికి ఆరిపోవడం, ఇలా ఎన్నాళ్ళుగా జరుగుతోందో! నేల మీద చుక్క పడకపోవడానికి కారణం అదీ.

"పడుతున్న చోటు దొరికింది" అన్నాడు బయటికి వస్తూ. "ఎక్కణ్ణుంచి పడుతోందో తెలియాలి. ఇంజను వేడిగా ఉన్నప్పుడు ముల్లు కదల్లేదు." అని ఆగాడు. గోడకి ఆనుకుని, చేతిలో టార్చి ఆర్పుతూ వెలిగిస్తూ ఆలోచించాడు. "తమ్ముడూ, నీళ్ళు తక్కువున్నట్టు నీకు ఎప్పుడు తెలిసేది?"

"పొద్దున్నే, బండి తీసే ముందు."

"మధ్యాహ్నం ఎప్పుడైనా చూశావా?"

"చూసేవాణ్ణి. అప్పుడు సరిగ్గానే ఉండేవి." అంటూనే డ్రైవరు ఆగిపోయాడు. "అంటే... నడిచేటప్పుడు కారడం లేదా?"

"ఆగినప్పుడే కారుతోందేమో. బాగా చల్లారాక. రేపు పొద్దున్న ఎవరూ తాళం ముట్టుకోకూడదు."

మర్నాడు తెలవారుతుండగా ముగ్గురూ షెడ్డు దగ్గరికి చేరారు. డ్రైవరు క్యాబిన్లోనే పడుకున్నాడు గనక చేరింది ఇద్దరే, అతను లేచి కూర్చున్నాడు అంతే. రేకుల మీంచి మంచు బొట్లు జారుతున్నాయి. ఇంజను చేతికి ఇనుపముక్కలా చల్లగా తగిలింది. మేస్త్రి గాలి పంపు బిగించి మెల్లగా కొట్టాడు. ముగ్గురి తలలూ ముల్లు మీదికి వంగాయి.

ముల్లు కొద్దిగా వణికింది. వెంట్రుకవాసి కిందికి దిగింది. మళ్ళీ ఇంకొంచెం.

"దిగుతోంది!" అంది భార్య గుసగుసగా, గట్టిగా మాట్లాడితే ఆగిపోతుందేమో అన్నట్టు.

మేస్త్రి ఇంజను వెనక్కి చెయ్యి దూర్చి, చిన్న అద్దం ముక్కని ఏటవాలుగా పట్టుకుని టార్చి వేశాడు. ఇంజను వీపు నుంచి ఒక ఇనుప గొట్టం వస్తుంది. దానికి జానెడు పొడవు రబ్బరు పైపు తొడిగి క్లిప్పు బిగించి ఉంది. క్లిప్పు కింద, మనిషి కంటికి నేరుగా ఎన్నటికీ కనిపించని చోట, ఆకుపచ్చటి బొట్టు ఒకటి వేలాడుతోంది. అది ఉబ్బింది. కదిలింది. రాలి గుడ్డ మీద చప్పుడు లేకుండా పడింది. దాని చోటికి ఇంకోటి వచ్చింది.

"రా తమ్ముడూ, చూడు."

డ్రైవరు అద్దంలోకి చూశాడు. మూడు బొట్లు రాలేదాకా కదల్లేదు. "ఈ కాస్తకా!" అన్నాడు. "ఈ కాస్తకా దీన్ని తుక్కు కింద కొట్టించేద్దామన్నారు!"

రబ్బరు ముసలిదైపోయి చెక్కలా గట్టిపడింది. దాని కింది ఇనుప గొట్టం అంచు తుప్పు తిని గుంటలు పడింది. ఇంజను వేడిగా ఉన్నంతసేపూ అన్నీ ఉబ్బి ఒకదాన్నొకటి అదుముకునేవి. రాత్రి చల్లారగానే ముడుచుకుని సందు ఇచ్చేవి. మేస్త్రి గొట్టం అంచుని గరుకు కాగితంతో ఇనుము మెరిసేదాకా గీకాడు, గుంటలు పూడ్చి నున్నగా చేశాడు. కొత్త పైపు తొడిగి, మామూలు క్లిప్పుకి బదులు స్ప్రింగు ఉన్నది వేశాడు. ఇనుము ముడుచుకున్నా ఉబ్బినా అది పట్టు వదలదు. ఫెల్టు గుడ్డ తీసి పారేశాడు. దాని కొలతకి దళసరి గుడ్డ కత్తిరించి, అంచులు కుట్టి తెచ్చింది మేస్త్రి భార్య.

ఆ రోజంతా లారీని చుట్టుపక్కల తిప్పారు, రాత్రి చల్లారనిచ్చారు. మర్నాడు పొద్దున్న గాలి కొడితే ముల్లు అరగంట సేపు మేకు కొట్టినట్టు ఉంది. అయినా మేస్త్రి, "బాగైందని నేను చెప్పను" అన్నాడు. "నెల రోజులు రోజూ మూత తీసి చూసుకో. తరవాత నువ్వే నాకు చెప్పు."

డ్రైవరు క్యాబిన్ ఎక్కి కూర్చుని, ఏదో గుర్తొచ్చినట్టు కిందికి వంగాడు. "అన్నా, ఓనరు అడిగితే ముక్కు మేస్త్రి చెప్పాడనే చెప్తా. ఎవరి ముక్కో చెప్పనులే."

"ఎవరి ముక్కో కూడా చెప్పు" అన్నాడు మేస్త్రి.

రెండో వారంలో ఫోన్ వచ్చింది. నీళ్ళు ట్యాంకు మీది నిండు గీత దగ్గరే ఉన్నాయట. నెల దాటాక ఇంకోసారి వచ్చింది. గీత దగ్గరే. ఓనరు తుక్కు మాట ఎత్తడం మానేశాడట. లారీని పెద్ద ఘాట్ల మీదికి కాకుండా దగ్గర ఊళ్ళకి తిప్పుతున్నారట. డ్రైవరుకి రాత్రిళ్ళు ఇంటి దగ్గర పడుకునే అదృష్టం పట్టింది. "పద్నాలుగేళ్ళ తరవాత మా ఆవిడతో గొడవపడే తీరిక దొరికిందన్నా" అన్నాడు.

ముక్కు మేస్త్రి రోడ్డు మీద అందరికీ తన సంగతి చెప్పేశాడు. మొదటి రోజు నవ్విన వాళ్ళున్నారు, జాలిపడిన వాళ్ళున్నారు. అతని దగ్గరికి రావడం మానిన డ్రైవర్లు ఇద్దరో ముగ్గురో ఉన్నారు. మిగతావాళ్ళు వస్తూనే ఉన్నారు. ఇప్పుడు బండి రాగానే అతను కళ్ళు మూసుకోడు. స్టూలు లాక్కుని డ్రైవరు ఎదురుగా కూర్చుని అడుగుతాడు: ఎప్పుడు తగ్గుతున్నాయి, నడిచేటప్పుడా ఆగినప్పుడా, ఎత్తు మీదా పల్లంలోనా, రాత్రి ఎక్కడ ఆపుతావు. ఒక్కోసారి అరగంట పడుతుంది. కొందరు విసుక్కుంటారు. వాసన చూడాల్సి వస్తే, "కాసేపు ఆగు, మా ఇంటావిడ వస్తుంది" అంటాడు.

ఆమె మధ్యాహ్నం క్యారేజీతో వస్తుంది. అన్నం తిన్నాక ఇద్దరూ బండి చుట్టూ నడుస్తారు. ఆమెకి తెలిసిన వాసనలకి పేర్లు ఆమె పెట్టుకున్నవే: మాడిన పంచదార, తడిసిన గోనె, పాత చెప్పు, ఇస్త్రీ పెట్టె. మేస్త్రి వాటిని ఒక్కొక్కటే అడిగి తెలుసుకుని, పాత చెప్పు అంటే బెల్టు, ఇస్త్రీ పెట్టె అంటే బ్రేకు అని తేల్చుకున్నాడు. తడిసిన గోనె అంటే ఏమిటో మాత్రం ఇంకా తేలలేదు. దాని మీద ఇద్దరికీ రోజూ వాదనే.